కోర్టు తేదీ దగ్గర పడుతోందా, చెల్లీ?

ఫోన్ మోగితే గుండె ఝల్లుమంటోంది కదూ? అమెరికా నుంచి తమ్ముడు చేస్తే చేతులు వణుకుతాయి, చేయకపోతే తెల్లవార్లూ నిద్ర పట్టదు. మిడుతూరులో బస్సు దిగి ఇంటికి నడిచే నాలుగడుగుల్లో ఎవరో ఒకరు "మీ అబ్బి ఎట్లుండాడు? ఈ ఎండాకాలమన్నా వస్తాడా?" అని అడగనే అడుగుతారు. "బాగుండాడు పెద్దమ్మా" అనేసి తల దించుకుని వచ్చేస్తావు. ఇంట్లో అమ్మకు బీపీ, నాన్నకు సంగతి సగమే తెలుసు. ఇంత బరువు ఒక్కదానివే ఎన్నాళ్లు మోస్తావు తల్లీ? రా, ఇట్లా కూర్చో. ముందు ఆ టీ తాగు. ఈ పూట మనం డబ్బు మోసం కేసులో తప్పు ఒప్పుకున్న తమ్ముడి గురించే మాట్లాడుకుందాం.

మన సీమలో జైలు అనే మాట కొత్తది కాదు. కడప సెంట్రల్ జైలుకు ములాఖత్‌కు పోయొచ్చిన ఆడవాళ్లు మన చుట్టాల్లోనే ఉంటారు. కానీ ఇంజనీరింగ్ చదివి, ఆఫీసులో కూర్చుని, కంప్యూటర్ మీద చేసిన పనికి జైలు అంటే మనకు నోట మాట రాదు. కొట్లాటలో లోపలికి పోయినవాడి గురించి ఊరు ఏదో ఒక సమర్థింపు చెబుతుంది. డబ్బు కేసులో పోయినవాడి గురించి గుసగుసలు తప్ప ఏమీ ఉండవు. అందుకే మనం దాచేస్తాం. ఈ దాచడం దగ్గరే మనకు ఎక్కువ నష్టం జరుగుతోంది చెల్లీ. ఎట్లాగో ఒక్కొక్కటే చెబుతాను విను.

ముందు, "మనింట్లోనే ఇట్లా జరిగింది" అనే ఆలోచన పక్కన పెట్టు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని గగ్గోలు లేచింది, గుర్తుందా? అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులే ఏర్పాటు చేసిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం అది. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. పట్టుబడిన విద్యార్థుల్లో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. వాళ్లను చేర్పించి డబ్బు తీసుకున్నారని ఎనిమిదిమంది కుర్రాళ్ల మీద డెట్రాయిట్ ఫెడరల్ కోర్టులో కేసు పెట్టారు. అందరూ కలిసి రెండున్నర లక్షల డాలర్లకు పైగా వెనకేసుకున్నారని ప్రభుత్వం చెప్పింది. తప్పు ఒప్పుకున్నవాళ్లలో కొందరికి ఏడాది, కొందరికి ఏడాదిన్నర, ఒకరికి రెండేళ్లు పడింది. వాళ్లకూ అమ్మలున్నారు, అక్కలున్నారు. ఆ అక్కలూ నీలాగే పక్కింటివాళ్లకు "బాగున్నాడు" అని చెప్పి ఉంటారు.

మన దగ్గర చూస్తే సత్యం కంప్యూటర్స్ కేసు ఉంది. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు తానే ఉత్తరం రాసి లెక్కల్లో ఏడు వేల కోట్ల పైచిలుకు అబద్ధమని ఒప్పుకున్నారు. ఆరేళ్లు నడిచి 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పది మందికీ ఏడేళ్ల చొప్పున కఠిన కారాగార శిక్ష వేసింది. ఊరంతా ఛైర్మన్ గురించే మాట్లాడింది కానీ, నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆ పదిమందిలో ఉన్న ఫైనాన్స్ విభాగం ఉద్యోగులు. అసిస్టెంట్ మేనేజర్ స్థాయి మనిషి కూడా ఉన్నాడు అందులో. పైవాళ్లు చెప్పిన అంకె రాసినవాడి ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలిగిందో లేదో ఏ పేపరూ రాయలేదు. మనలాంటి ఇళ్లు అవే కదా!

సరే, ఇక పనిలో పడదాం.

తప్పు ఒప్పుకున్న రోజుకూ, జడ్జి శిక్ష ఎంతో చెప్పే రోజుకూ మధ్య సాధారణంగా కొన్ని నెలలు ఉంటాయి. "ఇంక చేసేదేముంది, అంతా అయిపోయింది" అనుకుని ఆ నెలలు ఏడుస్తూ గడిపేస్తాం మనం. అయిపోలేదు తల్లీ. శిక్ష ఎంత అనేది ఆ నెలల్లోనే రూపు కడుతుంది. అమెరికా ఫెడరల్ కోర్టులో నష్టం ఎంత, బాధితులు ఎందరు, ఇతని పాత్ర ఏమిటి అని పాయింట్లు వేసే ఒక పట్టిక ఉంటుంది. డబ్బు కేసుల్లో నష్టం అంకె పెరిగేకొద్దీ నెలలు పెరుగుతాయి. కానీ 2005లో అక్కడి సుప్రీంకోర్టు, ఈ పట్టిక జడ్జికి సలహా మాత్రమే, కట్టుబాటు కాదని తేల్చింది. అంటే మనిషిని చూసి తగ్గించే వీలు జడ్జి చేతిలో ఉంది. మరి మన అబ్బి ఎట్లాంటివాడో జడ్జికి ఎవరు చెప్పాలి?

మొదట చెప్పేది ప్రొబేషన్ ఆఫీసరు. ఆయన తమ్ముడిని కూర్చోబెట్టి పుట్టిన ఊరి దగ్గర నుంచి అడుగుతాడు. చదువు, పెళ్లి, ఆరోగ్యం, తాగుడు, అప్పులు, ఆస్తులు, అన్నీ. ఇవన్నీ పెట్టి ఆయన రాసే నివేదికే జడ్జి చదువుతాడు, ఆ తర్వాత జైలు వాళ్లూ చదువుతారు. ఏ జైలుకు పంపాలి, ఏ మందులివ్వాలి అన్నదానికి కూడా అదే ఆధారం. ఇక్కడే మనవాళ్లు పొరపాటు చేస్తారు. పరువు పోతుందని తాగుడు సంగతి చెప్పరు. మనసు బాగాలేక మందులు వాడిన సంగతి చెప్పరు. షుగర్ ఉందని కూడా చెప్పరు, "ఎందుకులే" అని. చెప్పమను చెల్లీ, అన్నీ చెప్పమను. అందులో రాయని జబ్బుకు లోపల మందు దొరకడం కష్టం. లాయరు పక్కన ఉండగానే మాట్లాడమను. నివేదిక ముసాయిదా శిక్ష తేదీకి కనీసం ముప్పై ఐదు రోజుల ముందు చేతికి వస్తుంది, తప్పులుంటే పద్నాలుగు రోజుల్లో అభ్యంతరం చెప్పాలి. ఆ కాగితం వచ్చిన రోజు వేరే పని పెట్టుకోవద్దని గట్టిగా చెప్పు. ఊరి పేరు నుంచి ఆస్పత్రి చీటీల దాకా ఒక్కో వాక్యం చదవాలి.

మరి మిడుతూరులో నాన్న పేర, తమ్ముడి పేర ఉన్న పొలం? నిన్ను నమిలేస్తున్న దిగులు అదేనని నాకు తెలుసు. ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి "తమ్ముడి వాటా గబుక్కున బావ పేరు మీదికి మార్చేయండి, అమెరికా వాళ్లకు ఎట్లా తెలుస్తుంది" అని సలహా ఇచ్చే ఉంటాడు. వద్దు. ఆ ఆఫీసరు అడిగే ఆస్తుల జాబితాలో ఇండియాలోవి కూడా చెప్పాలి. అబద్ధం చెప్పినట్టు తేలితే, తప్పు ఒప్పుకున్నందుకు తగ్గవలసిన పాయింట్లు తగ్గవు సరికదా, కొత్తవి కలుస్తాయి. పొలం కాపాడబోయి పిల్లవాడికి ఇంకో ఏడాది తెచ్చిపెట్టినవాళ్లం అవుతామా? పాస్‌బుక్కులో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దాని మీద బ్యాంకు అప్పుంటే అదీ చెప్పండి.

అట్లాగని రేపే పొలం తెగనమ్మి డబ్బు పంపాలా అంటే, అదీ కాదు. బాధితులకు ముందుగా కొంత కట్టడం పశ్చాత్తాపానికి గుర్తుగా జడ్జి కంటికి ఆనుతుంది, నిజమే. కానీ కేసు బయటపడిన తర్వాత కట్టినంత మాత్రాన పట్టికలోని నష్టం అంకె తగ్గిపోదు. కట్టవలసిన పరిహారాన్ని జైలు నుంచి వచ్చాక కూడా వాయిదాల్లో కట్టించుకుంటారు. కాబట్టి వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగెత్తవద్దు, అడిగిన ధరకల్లా భూమి ఇవ్వవద్దు. లాయరుతో అంకెలు మాట్లాడి, అమ్మానాన్నల తిండికీ మందులకూ సరిపడా మిగిల్చి, ఆ తర్వాతే. ఈ మాట నాన్నకు నువ్వే చెప్పాలి. కొడుకు కోసం ఒంటి మీది చొక్కా కూడా అమ్మేసే మనిషాయన.

ఇప్పుడు ఉత్తరాల సంగతి. మనం చేయగలిగిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. కుటుంబం, స్నేహితులు, తెలిసినవాళ్లు జడ్జి పేర ఉత్తరాలు రాయవచ్చు. నేరుగా పోస్టు చేయకూడదు, లాయరుకు పంపాలి. ఆయన చూసి కోర్టులో పెడతాడు. మనవాళ్లకు వెంటనే తట్టేది ఏమిటో చెప్పనా? ఎమ్మెల్యే లెటర్‌హెడ్. నంద్యాలకు పోయి ఎంపీ సంతకం. అమ్మా, డెట్రాయిట్‌లోనో డల్లాస్‌లోనో కూర్చున్న జడ్జికి మన ఎమ్మెల్యే ఎవరో ఏం తెలుసు? పైగా పలుకుబడి చూపించినట్టు ఉంటుంది. దానికన్నా వాడికి ఆరో తరగతిలో లెక్కలు చెప్పిన సారు దగ్గరికి వెళ్లు. కళ్లారా చూసిన సంగతి ఒక్కటి రాయమను. వరదొచ్చిన ఏడు వాడు ఎవరి ఇంటి సామాన్లు మోశాడో, నాన్న ఆపరేషన్‌కు మొదటి జీతం మొత్తం ఎట్లా పంపాడో, పక్కింటి పిల్లకు ఫీజు ఎట్లా కట్టాడో. "చాలా మంచివాడు, గౌరవమైన కుటుంబం" అని రాసినవి పది ఉన్నా ఒకటే, ఒక్కటున్నా ఒకటే.

ఇంకో జాగ్రత్త. ఎవరో ఒకరు రాసిపెడితే అందరూ సంతకాలు చేసే పద్ధతి వద్దు. పెళ్లి పత్రికల్లా ఒకే అచ్చు మీద వచ్చిన ఉత్తరాలను చూడగానే తెలిసిపోతుంది. సంగతి చెప్పాక అమ్మను తెలుగులోనే రాయనీ. తప్పులున్నా దిద్దవద్దు. కింద ఇంగ్లీషు అనువాదం జత చేయించండి, అనువదించినవారు ఇది సరైన అనువాదమని రాసి సంతకం పెడితే సరిపోతుందో, నోటరీ కావాలో లాయరును అడుగు. ఏ ఉత్తరంలోనూ "మావాడు అమాయకుడు, ఇరికించారు" అని ఉండకూడదు. వాడు కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. మనం కాదంటే వాడి మాట విలువే పోతుంది. "తప్పు చేశాడని మాకు తెలుసు, మాకు బాధగా ఉంది, అయినా వాడు తిరిగి వచ్చేసరికి మేమున్నాం" అని రాయడానికి మీ నాన్నకు ఎన్ని రోజులు పడుతుందో! పట్టనీ. ఈ వారమే మొదలుపెట్టమని చెప్పు.

శిక్ష చెప్పే రోజున జడ్జి తమ్ముడిని కూడా మాట్లాడమంటాడు. లాయరు రాసిచ్చింది చదవకుండా సొంత మాటల్లో నాలుగు ముక్కలు చెప్పమను. తన కష్టాల గురించి తక్కువ, తన వల్ల నష్టపోయినవాళ్ల గురించి ఎక్కువ. నీకు ఫోన్‌లో వినిపించమను. ఎక్కడ సాకు వినిపిస్తే అక్కడ ఆపు. చిన్నప్పుడు వాడి అబద్ధాలు పట్టుకున్నది నువ్వే కదా!

ఇక ఒక చిత్రమైన లెక్క చెబుతాను. ఫెడరల్ శిక్షల్లో 1987 నుంచి పెరోల్ లేదు. సత్ప్రవర్తనకు ఏడాదికి 54 రోజుల దాకా తగ్గుతుంది. అయితే శిక్ష ఏడాదికి మించి ఉంటేనే ఆ తగ్గింపు. సరిగ్గా పన్నెండు నెలలు పడితే ఒక్క రోజూ తగ్గదు. "ఏడాదీ ఒక రోజు" పడితే పది నెలల చిల్లరతో బయటికి రావచ్చు. అందుకే లాయర్లు కొన్నిసార్లు ఆ ఒక్క రోజు ఎక్కువ వేయమని అడుగుతారు. ఆ మాట విని గాభరా పడవద్దు.

"శిక్ష అయ్యాక దేశం నుంచి పంపించేస్తారట అక్కా" అంటావేమో. కావచ్చు. పౌరసత్వం లేనివాళ్లకు పదివేల డాలర్ల నష్టం దాటిన మోసం కేసు వీసా మీదా, గ్రీన్‌కార్డు మీదా గట్టి దెబ్బే. అట్లాంటివాళ్లను సాధారణంగా కంచె లేని తేలిక క్యాంపులకు పంపరు. కొన్ని ప్రత్యేక తగ్గింపులూ దక్కవు. క్రిమినల్ లాయరుతో పాటు ఇమిగ్రేషన్ లాయరును కూడా ఇప్పుడే కలవమను, తర్వాత కాదు. మరదలు హెచ్‌-4 మీద ఉంటే తమ్ముడి హెచ్‌-1బి పోగానే ఆమె కాలు కింద నేల కూడా పోతుంది. ఆ పిల్లను నిందించే మాట మనింట్లో ఒక్కటి కూడా రాకూడదు. ఆమెకు ఇద్దరు పిల్లలు, పరాయి దేశం, ఖాళీ అయిన ఇల్లు. రోజూ ఫోన్ చేయి. "తిన్నావా" అని అడుగు చాలు.

లొంగిపోయే తేదీకి ముందు కాగితాలు పూర్తి చేయించు. లోపలికి వెళ్లాక చిన్న సంతకానికి కూడా చాలా ఆలస్యం కావచ్చు. పొలం, బ్యాంకు పనుల కోసం నీకో నాన్నకో పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలంటే అక్కడ భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి. అది మన చేతికి అందిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి, మరిచిపోతే ఆ కాగితం చెల్లుబాటుకు చిక్కులొస్తాయి. అమెరికాలో పుట్టిన పిల్లలకు పదహారేళ్ల లోపు పాస్‌పోర్టు తీయాలంటే తల్లిదండ్రులిద్దరి సమ్మతీ కావాలి. తండ్రి లోపల ఉంటే మరదలు పిల్లలను తీసుకుని ఇటు రావడానికి తంటాలు పడుతుంది. ఆ సమ్మతి పత్రం నోటరీ చేసి ఇప్పుడే ఇవ్వమను. ఇంటి అద్దె, కారు వాయిదా, పన్నులు, పాస్‌వర్డులు, అన్నీ ఒక నోటు బుక్కులో రాయించు.

"లోపల ఏం తింటాడో" అని నీకు ముద్ద దిగడం లేదంటావు. ఫెడరల్ జైళ్ల మెనూలో మాంసం లేని భోజనం ఎంచుకునే వీలుంది. సంగటీ, శనక్కాయల చట్నీ దొరకవు కానీ పస్తు ఉండడు. ఖాతాలో డబ్బు వేస్తే లోపలి కొట్లో సబ్బు, చెప్పులు, బిస్కెట్లు కొనుక్కుంటాడు. రాళ్లు లేని సాదా పెళ్లి ఉంగరం, కళ్లజోడు ఉంచుకోవచ్చు. మందుల చీటీలు, డాక్టరు రిపోర్టులు ముందే లాయరు ద్వారా పంపించాలి. రోజూ సాయంత్రం నాలుగింటికి అందరినీ నిలబెట్టి లెక్క పెడతారు. ఆ వేళ ఫోన్ రాలేదని కంగారు పడకు. మొదటి వారం మౌనంగా గమనించమను, ఎవరి దగ్గరా అప్పు చేయవద్దను, ఎవరి కేసూ అడగవద్దను. చదువుకున్నవాడు కాబట్టి నాలుగు రోజులయ్యేసరికి చదువు రానివాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టే పని దానంతటదే వస్తుంది. ఆ పని వాడికి మంచిది.

అమ్మకు చెప్పావా? ఆవిడ మహానందికి మొక్కుకుంటూనే ఉంది, ఎందుకో తెలియకుండా. తల్లికి తెలియదనుకోవడం మన భ్రమ. డాక్టరును అడిగి, బీపీ మాత్ర వేసుకున్నాక, నువ్వూ నాన్నా పక్కన కూర్చుని చెప్పండి. తమ్ముడితో మాట్లాడించండి. పిల్లలకు కూడా "నాన్న ప్రాజెక్టు మీద పోయాడు" అని కథలు వద్దు. "నాన్న ఒక పెద్ద తప్పు చేశాడు, దానికి దూరంగా ఉండాలి, మీ మీద ప్రేమ తగ్గలేదు, ఫలానా ఏడు వస్తాడు" అని వాళ్ల వయసుకు తగ్గట్టు చెప్పమను మరదలికి. బడిలో ఇంకెవరో చెప్పకముందే చెప్పాలి. ఊర్లో అడిగినవాళ్లకు ఒకే వాక్యం సిద్ధం చేసుకో. "కోర్టు పని ఉందమ్మా, తేలాక వస్తాడు." అది నిజం, అంతకన్నా ఎవరికీ బాకీ లేము. ఒకవేళ తమ్ముడి మాటల్లో "నేనుండి ఏం లాభం" లాంటిది వినిపించిందా, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అక్కడ 988కి, నీకే అట్లా అనిపిస్తే ఇక్కడ టెలి మానస్ 14416కి ఫోన్ చేయాలి. పగలైనా రాత్రైనా పలుకుతారు.

కేసు అమెరికాలో కాక మన దగ్గరే, బ్యాంకులోనో సొసైటీలోనో అయితే దారి కొంచెం వేరు. మన కోర్టులో కూడా నేరం రుజువయ్యాక శిక్ష ఎంత అన్నదాని మీద వేరుగా వింటారు. ఆ రోజు జడ్జి అడిగితే మనవాళ్లు చేతులు కట్టుకుని "దయ చూపండి సారూ" అని ఊరుకుంటారు. జబ్బుల రిపోర్టులు, పిల్లల చదువు కాగితాలు, కట్టేసిన డబ్బు రసీదులు ఒక ఫైలులో లాయరు చేతికి ఇవ్వండి. విచారణలో లోపల గడిపిన రోజులు శిక్షలో తగ్గుతాయి. రామలింగరాజు తీర్పు రాకముందే రెండున్నరేళ్లకు పైగా జైల్లో ఉన్నారు. అప్పీలు వేస్తే శిక్షను నిలిపి బెయిలు ఇచ్చే వీలుంది. సత్యం కేసులో తీర్పు వచ్చిన నెల తిరిగేసరికి 2015 మే 11న పై కోర్టు అదే చేసింది. లాయరు ఫీజుకు లేదని ఊరుకోవద్దు. ఆడవాళ్లకూ, కస్టడీలో ఉన్నవాళ్లకూ 1987 నాటి చట్టం ప్రకారం ఉచితంగా లాయరునిస్తారు. నందికొట్కూరులోనో నంద్యాలలోనో కోర్టు ఆవరణలో న్యాయసేవల వాళ్లను అడుగు, లేదా 15100కి ఫోన్ చేయి.

అమెరికాలో అయితే కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు తమ్ముడికి ఉంది. సిగ్గుపడి వద్దనకుండా అడగమను. విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్‌లో ఇక్కడి నుంచి నువ్వూ రాయవచ్చు. ఫార్మింగ్టన్ గొడవలో తెలుగు సంఘాలు విద్యార్థులకు లాయర్లను చూపించాయి. ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్ఆర్టీ సొసైటీ కూడా ఉంది. అడిగితేనే కదా ఎవరైనా పలికేది!

చివరగా ఫోన్ సంగతి. జైలు నుంచి వచ్చే కాల్‌లో ముందు తమ్ముడి గొంతు రాదు. ఇంగ్లీషులో రికార్డు చేసిన మాట వస్తుంది, ఇది ఫెడరల్ జైలు నుంచి అని. తీసుకోవాలంటే ఒక అంకె నొక్కమంటుంది. నాన్న అది విని ఏదో కంపెనీ వాళ్లనుకుని కట్ చేసేస్తాడు. ఒక్కో కాల్‌కు పదిహేను నిమిషాలే, నెల మొత్తానికీ హద్దు ఉంది. మాట్లాడేదంతా రికార్డవుతుంది కాబట్టి కేసు ఊసు ఎత్తవద్దు. మన ఫోన్ నంబర్లు తమ్ముడి జాబితాలో ముందే ఉండాలి, ఇప్పుడే రాసివ్వు. ఎవరెవరు ఏ వారం మాట్లాడాలో పంచుకోండి. ఈ సాయంత్రమే నాన్నను కూర్చోబెట్టి ఆ అంకె ఎట్లా నొక్కాలో నాలుగుసార్లు చేయించు. ఆయన చేతికి వచ్చేదాకా వదలకు.